ఖాళీ అయిన కుర్చీ ఎవరి సొత్తు?

మొవ్వ అనగానే క్షేత్రయ్య గుర్తొస్తాడు. అదే మండలంలోని కూచిపూడి అనగానే నాట్యం గుర్తొస్తుంది. ఆ మండలంలోనే ఉన్న నిడుమోలు అంటే మాత్రం నేటి విద్యార్థులకు ఏదీ గుర్తు రాకపోవచ్చు. 2008 పునర్విభజన దాకా నిడుమోలు శాసనసభ నియోజకవర్గం, షెడ్యూల్డు కులాలకు కేటాయించిన స్థానం. 2004లో అక్కడ చివరిసారిగా గెలిచింది వ్యవసాయ కార్మిక ఉద్యమంలోంచి వచ్చిన సీపీఎం నాయకుడు పాటూరు రామయ్య. ఆ నియోజకవర్గం రద్దయ్యాక మొవ్వ మండలం పామర్రులో కలిసింది. పామర్రు కూడా ఎస్సీ రిజర్వుడు స్థానమే. అంటే ఈ కాలవ కింది పల్లెల ఓటరు దశాబ్దాలుగా దళిత ప్రతినిధినే శాసనసభకు పంపుతున్నాడు. ఆ ప్రతినిధిని ఎంచుకున్నది ఎవరు, నిలిపింది ఎవరు, దింపింది ఎవరు అన్న ప్రశ్నలకు మాత్రం ఈ పల్లెల మాలపేటలోనూ మాదిగపేటలోనూ సూటి జవాబు దొరకదు.

సాధారణ ఎన్నికల హోరులో ఈ ప్రశ్నలు వినిపించవు. పార్టీ గాలి, ముఖ్యమంత్రి ఎవరన్న పోటీ, పథకాల జాబితా, డబ్బు అన్నీ కలిసి నియోజకవర్గం గొంతును మింగేస్తాయి. ఉప ఎన్నిక అలా కాదు. ప్రభుత్వం మారదు, ముఖ్యమంత్రి మారడు. ఒక్క కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ ఒక్క కుర్చీని ఎవరు ఎవరికి ఎలా అప్పగిస్తున్నారో అప్పుడు తేటతెల్లమవుతుంది. అందుకే రిజర్వుడు స్థానాల రాజకీయం అసలు రూపం తెలుసుకోవాలంటే ఉప ఎన్నికలను చదవాలి. వచ్చిన ఉప ఎన్నికలతో పాటు రావలసి ఉండీ రానివాటినీ చదవాలి.

మొదట చట్టం ఏం చెబుతుందో చూద్దాం. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 151ఎ సెక్షన్ ప్రకారం స్థానం ఖాళీ అయిన ఆరు నెలల్లోగా ఉప ఎన్నిక జరపాలి. సభ్యుడికి మిగిలిన పదవీకాలం ఏడాది కన్నా తక్కువైతే, లేదా ఆ గడువులో ఎన్నిక జరపడం కష్టమని ఎన్నికల సంఘం కేంద్ర ప్రభుత్వంతో సంప్రదించి ధ్రువీకరిస్తే మినహాయింపు ఉంటుంది. ఈ నిబంధన వెనుక ఉన్న ఆలోచన సులువైనది. ప్రతినిధి లేని ప్రజలు ఉండకూడదు. కుర్చీ సభ్యుడిది కాదు, ఓటర్లది. సభ్యుడు పోతే అది ఓటర్ల చేతికి తిరిగి రావాలి. చట్టం ఇంతే చెబుతుంది. మన రాజకీయ ఆచారం దీనికి తలకిందులుగా నడుస్తోంది. కుర్చీ కుటుంబానిదన్నట్టు, ఓటర్లు ఆ బదిలీకి సాక్షి సంతకం పెట్టేవారన్నట్టు తయారైంది.

మొవ్వకు దక్షిణాన దివిసీమ ఉంది. 2013లో అవనిగడ్డ శాసనసభ్యుడు అంబటి బ్రాహ్మణయ్య మరణించారు. ఆగస్టులో జరిగిన ఉప ఎన్నికలో తెలుగుదేశం ఆయన కుమారుడు శ్రీహరి ప్రసాద్‌ను నిలిపింది. కాంగ్రెస్, వైఎస్సార్ కాంగ్రెస్ పోటీకి దిగలేదు. స్వతంత్ర అభ్యర్థిపై ఆయన 61,644 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. రాష్ట్ర విభజన నిర్ణయం వెలువడి కోస్తా అంతా వీధుల్లోకి వచ్చిన రోజులవి. అంతటి రాజకీయ సంక్షోభంలో కూడా దివిసీమ ఓటరు ముందు పార్టీల మధ్య ఎంపిక లేదు. మొవ్వకు ఉత్తరాన ఉన్న గుడివాడలోనూ 1999లో గెలిచిన రావి హరిగోపాల్ మరణించాక 2000లో జరిగిన ఉప ఎన్నికలో ఆయన సోదరుడు వెంకటేశ్వరరావు గెలిచారు. ఈ రెండూ జనరల్ స్థానాలు. కనుక వారసత్వం రిజర్వుడు స్థానాలకే పట్టిన జబ్బని ఎవరూ అనలేరు. కృష్ణా డెల్టాలో భూమి, మిల్లు, చేపల చెరువు ఎలా తండ్రి నుంచి కొడుక్కి వస్తాయో, అన్న నుంచి తమ్ముడికి వస్తాయో, శాసనసభ సభ్యత్వమూ అలాగే వస్తోంది.

అయితే జనరల్ స్థానంలో జరిగే వారసత్వానికీ, రిజర్వుడు స్థానంలో జరిగే వారసత్వానికీ ఒక తేడా ఉంది. ఆ తేడా చూడాలంటే ఇదే జిల్లా ఉత్తర కొసన ఉన్న నందిగామకు వెళ్ళాలి. ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, 2014లో కృష్ణా జిల్లాలోనే ఉండేది. ఆ ఏడాది సాధారణ ఎన్నికల్లో తంగిరాల ప్రభాకరరావు తెలుగుదేశం తరఫున గెలిచారు. వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిపై ఆయన ఆధిక్యం సుమారు 5 వేల ఓట్లు. ఫలితాలు వచ్చి నెల తిరిగిందో లేదో ఆయన మరణించారు. సెప్టెంబరు 13న ఉప ఎన్నిక జరిగింది. ఆయన కుమార్తె సౌమ్య నిలిచారు. వైఎస్సార్ కాంగ్రెస్ పోటీ చేయలేదు. కాంగ్రెస్ ఒక్కటే బరిలో నిలిచింది. సౌమ్య 74,827 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. నాలుగు నెలల్లో సుమారు 5 వేల ఆధిక్యం 74 వేలు దాటింది. నందిగామ ఓటరు మనసు ఆ నాలుగు నెలల్లో అంతగా మారిందా? మారలేదనడానికి 2019 సాక్ష్యం. ఆ ఎన్నికల్లో ప్రధాన ప్రత్యర్థి మళ్ళీ బరిలోకి దిగాడు, సౌమ్య ఓడిపోయారు. 2024లో తిరిగి గెలిచారు. పోటీ ఉన్నప్పుడు నందిగామ అటూ ఇటూ తూగే నియోజకవర్గమే. 2014 సెప్టెంబరులో కనబడకుండా పోయింది ఓటరు అభిప్రాయం కాదు, ఓటరుకు ఉన్న ఎంపిక.

బద్వేలు కథా ఇదే. 2021 మార్చిలో వైఎస్సార్ కాంగ్రెస్ శాసనసభ్యుడు వెంకట సుబ్బయ్య మరణించారు. అక్టోబరు 30న జరిగిన ఉప ఎన్నికలో ఆయన భార్య, వైద్యురాలు దాసరి సుధ 90,533 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. తెలుగుదేశం, జనసేన తప్పుకున్నాయి. బీజేపీ, కాంగ్రెస్ పోటీ చేశాయి. 2024 సాధారణ ఎన్నికల్లో ఆమే మళ్ళీ గెలిచారు గానీ ఆధిక్యం 20 వేల లోపే. బద్వేలూ ఎస్సీ రిజర్వుడు స్థానమే. పార్టీలు అటూ ఇటూ మారాయి, ఆచారం మారలేదు.

ఈ ఇద్దరు మహిళల గురించి తేలికగా మాట్లాడడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దళిత మహిళలకు పార్టీలు టిక్కెట్లు ఇవ్వడమే అరుదు. తండ్రి పోయిన కూతురికీ, భర్త పోయిన భార్యకూ దొరికిన అవకాశాన్ని 'వారసత్వం' అని కొట్టిపారేయడం సులువు. ఆ తర్వాత పోటీ ఉన్న ఎన్నికల్లో ఇద్దరూ తమ బలం మీద గెలిచి చూపించారు. ప్రశ్న వారి యోగ్యత గురించి కాదు. మగవారి మరణం తప్ప దళిత స్త్రీకి శాసనసభ తలుపు తెరిచే మరో తాళం చెవి మన పార్టీల దగ్గర లేకపోవడం గురించి. ఆ తాళం చెవి ఎవరి మొలకు వేలాడుతోందన్నదాని గురించి.

జనరల్ స్థానంలో వారసుడు నిలబడినప్పుడు అతని వెనుక కుటుంబ భూములుంటాయి, బంధుబలగం ఉంటుంది, వ్యాపారం ఉంటుంది, తరతరాలుగా ఊళ్ళలో చెల్లుబడి అయిన మాట ఉంటుంది. పార్టీ కాదన్నా అతనికి సొంత నేల ఉంటుంది. రిజర్వుడు స్థానంలో దళిత కుటుంబానికి సాధారణంగా అవేవీ ఉండవు. అక్కడ శాసనసభ్యుడు ఒకరు, నియోజకవర్గాన్ని నిజంగా నడిపే పెద్ద మరొకరు. మండలాల్లో ఎవరికి ఏ పదవి దక్కాలో, ఏ పనికి ఎవరు కాంట్రాక్టరో, ఠాణాలో ఎవరి మాట చెల్లాలో నిర్ణయించేది వ్యవసాయాధిపత్య కులాల నాయకులు. ఇది పార్టీలకు అతీతమైన సత్యం, పల్లెలో ఎవరిని అడిగినా చెబుతారు. అలాంటి చోట వారసత్వమంటే కుటుంబం బలం కొనసాగడం కాదు, ఆ కుటుంబం పరాధీనత కొనసాగడం. పెద్దలకు తెలిసిన ఇల్లు, అలవాటైన మనుషులు, ఎదురు చెప్పరన్న ధీమా. సానుభూతి అన్న మంచి మాట వెనుక ఈ లెక్క కూడా నడుస్తుంది.

'చనిపోయిన సభ్యుడి కుటుంబంపై పోటీ పెట్టకపోవడం మర్యాద' అంటారు. మర్యాదే. కానీ ఎవరు ఎవరికి చేసుకునే మర్యాద? రెండు పార్టీల అధినేతలు ఒకరికొకరు చేసుకునేది. ఈసారి మేము తప్పుకుంటాం, రేపు మా వంతు వచ్చినప్పుడు మీరు తప్పుకోండి. ఈ ఒప్పందంలో నియోజకవర్గం ఓటరు ఎక్కడా లేడు. అటువైపు పార్టీలో ఐదేళ్ళుగా జెండా మోసి, ఈసారైనా అవకాశం వస్తుందని ఎదురుచూసిన దళిత కార్యకర్త ఎక్కడా లేడు. తప్పుకునే పార్టీ త్యాగం చేస్తున్నది తన అవకాశాన్ని కాదు, ఆ కార్యకర్త అవకాశాన్ని. అగ్రకుల నాయకుల మధ్య మర్యాదకు దళిత అభ్యర్థి ఖర్చు చెల్లిస్తున్నాడు.

నందిగామ అంటే ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. ఆ నియోజకవర్గంలోదే కంచికచర్ల. 1968లో ఇత్తడి సామాను దొంగిలించాడన్న నెపం మోపి కోటేశు అనే దళిత యువకుణ్ణి సజీవంగా తగలబెట్టిన ఊరు. ఆ ఊళ్ళోనే పుట్టిన కలేకూరి ప్రసాద్ కవిత్వంలో ఆ మంట చల్లారలేదు. కారంచేడుకు పదిహేడేళ్ళ ముందు, చుండూరుకు ఇరవైమూడేళ్ళ ముందు జరిగిన ఘాతుకం అది. 2009 ఎన్నికల నుంచి నందిగామ రిజర్వుడు స్థానమైంది. కోటేశును కాల్చిన నేల నుంచి దళిత ప్రతినిధి శాసనసభకు వెళ్ళడం చిన్న విషయం కాదు. కానీ అలాంటి నేల మీద జరిగే ఉప ఎన్నికలో భూమి, కూలి, శ్మశానం, ఇంటి స్థలం, అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టని కేసులు, పెట్టి వదిలేసిన కేసులు చర్చకు రావలసింది. పోటీయే లేని చోట చర్చ ఎక్కడి నుంచి వస్తుంది? ఒక శోకసభ జరిగింది, దానికి ఎన్నిక అని పేరు పెట్టారు.

ఇదంతా వచ్చిన ఉప ఎన్నికల సంగతి. ఇప్పుడు రాని ఉప ఎన్నిక సంగతి. అది మొవ్వ ఓటరు సొంత అనుభవం. 2014లో పామర్రు నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా ఉప్పులేటి కల్పన స్వల్ప ఆధిక్యంతో గెలిచారు. ఆ సభ కాలంలోనే తెలుగుదేశంలో చేరారు. అలా పార్టీ మారిన వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు 23 మంది. నలుగురు మంత్రులు కూడా అయ్యారు. ఒక్కరిపైనా అనర్హత వేటు పడలేదు. ఒక్క స్థానంలోనూ ఆ కారణంగా ఉప ఎన్నిక రాలేదు. రాజ్యాంగం పదో షెడ్యూలు ప్రకారం గెలిపించిన పార్టీని స్వచ్ఛందంగా వదులుకున్న సభ్యుడు అనర్హుడు. ఆ నిర్ణయం సభాపతిది. గడువు మాత్రం షెడ్యూలులో రాసి లేదు. ఆ రాయని గడువులో మొవ్వ ఓటరు హక్కు ఇరుక్కుపోయింది. అతను తన మాట చెప్పడానికి 2019 దాకా ఆగవలసి వచ్చింది. ఆగి చెప్పాడు కూడా. తెలుగుదేశం తరఫున నిలిచిన అదే అభ్యర్థి 30 వేలకు పైగా ఓట్ల తేడాతో కైలే అనిల్ కుమార్ చేతిలో ఓడిపోయారు.

ఆ 23 మందిలో ఒకరైన భూమా నాగిరెడ్డి 2017 మార్చిలో మరణించారు. వెంటనే చట్టం మేలుకొంది. ఆగస్టులో నంద్యాలలో ఉప ఎన్నిక జరిగింది. పార్టీ మారితే రాని ఉప ఎన్నిక, ప్రాణం పోతే వచ్చింది. ఓటరుకు రెండో అవకాశం రావాలంటే తన ప్రతినిధి చావాలన్నమాట. ఇంతకన్నా విషాదకరమైన ప్రజాస్వామ్య సూత్రం ఉంటుందా?

అధికారం చేతులు మారినా ఈ రీతి మారలేదు. 2019 తర్వాత తెలుగుదేశం నుంచి గెలిచిన నలుగురు వైఎస్సార్ కాంగ్రెస్ వైపు నిలిచారు. వారిలో మన గన్నవరం సభ్యుడూ ఒకరు. వైఎస్సార్ కాంగ్రెస్‌పై తిరుగుబాటు చేసిన నలుగురిలో ఎస్సీ స్థానమైన తాడికొండ సభ్యురాలు ఒకరు. ఈ ఎనిమిది మందినీ సభాపతి 2024 ఫిబ్రవరిలో అనర్హులుగా ప్రకటించారు. సాధారణ ఎన్నికలు గుమ్మంలోకి వచ్చాక, ఇక ఉప ఎన్నిక జరిగే వీలు లేదని తేలాక. వేటు పడింది, కానీ ఓటరుకు ఏమీ దక్కకుండా పడింది.

'సభాపతి తలచుకున్నా ఇది సాధ్యం కాదు' అనేవారికి ఉమ్మడి రాష్ట్రమే జవాబు చెబుతుంది. 2011 డిసెంబరులో అవిశ్వాస తీర్మానంపై విప్ ధిక్కరించిన కాంగ్రెస్ సభ్యులపై కొన్ని నెలల్లోనే వేటు పడింది. 2012 జూన్ 12న 18 శాసనసభ స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయి. వైఎస్సార్ కాంగ్రెస్ 15 గెలిచింది. వాటిలో పాయకరావుపేట, ప్రత్తిపాడు, రైల్వేకోడూరు ఎస్సీ స్థానాలు. తీర్పు ఎవరికి అనుకూలమన్నది వేరే మాట. సభ్యుడు తన దారి మార్చుకున్నాడు, ఓటరు ముందుకు వెళ్ళాడు, ఓటరు తీర్పు చెప్పాడు. పదో షెడ్యూలు ఉద్దేశం అదే. తెలంగాణలో పది మంది బీఆర్ఎస్ సభ్యుల ఫిరాయింపు వ్యవహారంలో 2025 జూలై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో నిర్ణయం తీసుకోమని సభాపతిని ఆదేశించవలసి వచ్చింది. ఆ పది స్థానాల్లో స్టేషన్ ఘన్‌పూర్, చేవెళ్ల ఎస్సీ స్థానాలు, భద్రాచలం ఎస్టీ స్థానం. ఫిరాయింపు ఎక్కడైనా ఫిరాయింపే. కానీ రిజర్వుడు స్థానంలో దానికి ఇంకో అర్థం ఉంది. సొంత నేల లేని సభ్యుడు ఎటు గాలి వీస్తే అటు ఒరగక తప్పని స్థితిలో ఉంటాడు. ఆ స్థితిని వాడుకునే పార్టీలు తర్వాత అతన్నే నిందిస్తాయి.

ఉప ఎన్నికను అంబేడ్కర్ జీవితంలోంచి చూస్తే ఈ చర్చకు లోతు వస్తుంది. ఆయన రాజ్యాంగ సభకు మొదట బెంగాల్ నుంచి ఎన్నికయ్యారు. దేశ విభజనతో ఆ సభ్యత్వం పోయింది. 1947 జూలైలో ఎం.ఆర్. జయకర్ ఖాళీ చేసిన బొంబాయి స్థానం నుంచి ఆయన తిరిగి రాజ్యాంగ సభకు వచ్చారు. ఒక ఖాళీని నింపిన ఆ ఎన్నిక లేకపోతే ముసాయిదా సంఘానికి ఆయన అధ్యక్షుడయ్యేవారు కాదు. అదే అంబేడ్కర్ 1954లో భండారా లోక్‌సభ ఉప ఎన్నికలో రిజర్వుడు స్థానానికి నిలబడి ఓడిపోయారు. కాంగ్రెస్ అభ్యర్థి గెలిచాడు. రాజ్యాంగంలో రిజర్వుడు స్థానాలు రాసిన మనిషి రిజర్వుడు స్థానంలోనే ఓడాడు. ఆ ఓటమి వ్యక్తిగతం కాదు. ఉమ్మడి ఓటర్ల జాబితాలో దళితులు కోరుకున్న దళితుడు ఒకరు, మిగిలినవారు కోరుకున్న దళితుడు మరొకరు కావచ్చునన్న చేదు నిజం అది.

ఆ నిజం ఆయనకు 1932లోనే తెలుసు. పూనా ఒప్పందం గురించి మాట్లాడేటప్పుడు మనం ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయనీ, 148 సీట్లు వచ్చాయనీ చెప్పుకొని ఆగిపోతాం. ఆ ఒప్పందంలో మనం మరిచిపోయిన నిబంధన ఒకటుంది. రిజర్వుడు స్థానంలో ముందుగా అణగారిన వర్గాల ఓటర్లు మాత్రమే ఓటు వేసి నలుగురు అభ్యర్థులను ఎంపిక చేయాలి. ఆ నలుగురిలోంచి ఒకరిని ఉమ్మడి ఓటర్లు ఎన్నుకోవాలి. అంటే ఎవరు గెలిచినా దళితుల గడప దాటి వచ్చినవాడే గెలవాలి. ఆ పద్ధతికీ లోపాలున్నాయి. మొదటి అంచెలో దళితులు ముందు నిలిపినవారు రెండో అంచెలో ఓడిపోవడాన్ని అంబేడ్కరే ఎత్తి చూపారు. అయినా 'అభ్యర్థిని నిలిపేది ఎవరు' అన్న ప్రశ్నకు ఆ నిబంధనలో ఒక జవాబైనా ఉండేది. స్వతంత్ర భారత రాజ్యాంగంలో సీట్లు మిగిలాయి, ఆ మొదటి అంచె పోయింది. ఇవాళ ఆ మొదటి అంచె పార్టీ అధినేత ఇంటి హాల్లో జరుగుతోంది. ఉప ఎన్నికలో అయితే అది కూడా జరగడం లేదు. మరణ ధ్రువీకరణ పత్రమే అభ్యర్థిత్వ పత్రమవుతోంది.

దళితులలోని అంతరాల ప్రశ్నా ఇక్కడే ముడిపడి ఉంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణకు దారి తెరిచింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ 2025లో దాన్ని అమలులోకి తెచ్చాయి. కానీ వర్గీకరణ చదువులకూ ఉద్యోగాలకూ పరిమితం. శాసనసభ స్థానాల్లో మాల, మాదిగ, రెల్లి అన్న విభజన లేదు. అక్కడ ఎవరికి అవకాశమన్నది పూర్తిగా పార్టీల దయ. ఉప ఎన్నిక కుటుంబ వ్యవహారమైతే ఒకసారి ఒక ఉపకులానికి దక్కిన స్థానం మరొకరి ముఖం చూడదు. ఉద్యోగాల్లో వాటా కోసం ముప్పై ఏళ్ళు వీధుల్లో నడిచినవారు శాసనసభ వాటా గురించి అడగవలసిన చోటు పార్టీ కార్యాలయం, అడగవలసిన సమయం ఖాళీ ఏర్పడిన రోజు.

ప్రజలు వారసత్వాన్నే కోరుకుంటున్నారు, మధ్యలో మీకెందుకు అని ఎవరైనా అనవచ్చు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ చూడండి. అదీ ఎస్సీ స్థానమే. 2023 ఫిబ్రవరిలో సాయన్న మరణించారు. సభ కాలం ఏడాది కూడా మిగలనందున ఉప ఎన్నిక రాలేదు. ఆ నవంబరు సాధారణ ఎన్నికల్లో ఆయన కుమార్తె లాస్య నందిత గెలిచారు. 2024 ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంలో ఆమె మరణించారు. మే 13న ఉప ఎన్నిక జరిగింది. బీఆర్ఎస్ ఆమె సోదరి నివేదితను నిలిపింది. ఒకే ఇంట్లో రెండు మరణాలు, అంతకన్నా సానుభూతికి అర్హమైన కుటుంబం ఉండదు. అయినా కాంగ్రెస్, బీజేపీ రెండూ పోటీ చేశాయి. కాంగ్రెస్ అభ్యర్థి శ్రీగణేశ్ 13 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఓటర్లు కఠినాత్ములై అలా చేయలేదు. ఎంపిక ఉంది కనుక ఎంచుకున్నారు. దుఃఖం వేరు, ప్రాతినిధ్యం వేరు అని ఓటరుకు తెలుసు. తెలియనట్టు నటించేది పార్టీలు.

మరి ఉప ఎన్నిక వస్తే దళిత వాడలకు ఏమైనా మేలు జరుగుతుందా? జరుగుతుంది, పోటీ ఉంటే. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికకు ముందు కుటుంబానికి 10 లక్షల రూపాయల చొప్పున దళితబంధు పథకం అక్కడే మొదలైంది. హుజూరాబాద్ జనరల్ స్థానం. గట్టి పోటీ ఉంది కనుక దళిత ఓటు విలువ ప్రభుత్వానికి గుర్తొచ్చింది. ఆ పథకం ఎన్నికల ఎర అని విమర్శించవచ్చు. ఆ విమర్శలో నిజముంది. చివరకు అక్కడ అధికార పక్షం ఓడిపోయింది కూడా. కానీ విచిత్రం చూడండి. జనరల్ స్థానంలో పోటీ వచ్చినప్పుడు దళితుడికి 10 లక్షల విలువ కట్టారు. రిజర్వుడు స్థానంలో పోటీ లేనప్పుడు దళితుణ్ణి సానుభూతి ఊరేగింపులో నడవమన్నారు. పోటీ రద్దు కావడం వల్ల నష్టపోయేది ఎవరో దీన్నిబట్టే తెలుస్తుంది.

కాబట్టి చేయవలసినవి ఏమిటి? మొదటిది, ఫిరాయింపు ఫిర్యాదుపై మూడు నెలల గడువును కోర్టు తీర్పుల దయకు వదలకుండా పదో షెడ్యూలులోనే రాయాలి. గడువు దాటితే ఆ అధికారం సభాపతి నుంచి స్వతంత్ర ట్రిబ్యునల్‌కు పోవాలి. రెండోది, రిజర్వుడు స్థానంలో అభ్యర్థి ఎంపికకు ముందు ఆ నియోజకవర్గం దళిత సభ్యుల మధ్య రహస్య ఓటింగ్ జరపడానికి పార్టీలకు చట్టమేమీ అడ్డం కాదు. పూనా ఒప్పందపు మొదటి అంచెను పార్టీ లోపలికి తెచ్చుకోవచ్చు. మరణించిన సభ్యుడి కూతురు ఆ ఓటింగ్‌లో నెగ్గితే ఆమెనే నిలపండి. అప్పుడది వారసత్వం కాదు, ఎంపిక. మూడోది, తప్పుకోవడాన్ని మర్యాదగా చెప్పుకునే పార్టీని ఆ నియోజకవర్గం దళిత సంఘాలు, విద్యార్థి సంఘాలు నిలదీయాలి. మీ పార్టీలో ఇన్నేళ్ళు పనిచేసిన దళిత కార్యకర్తకు ఈ మర్యాద ఎందుకు చేయలేదని అడగాలి.

నాలుగోది విద్యార్థుల కోసం. శాసనసభకు పోటీ చేసే ఎస్సీ, ఎస్టీ అభ్యర్థి డిపాజిట్ 5 వేల రూపాయలు, జనరల్ అభ్యర్థి డిపాజిట్‌లో సగం. ప్రధాన పార్టీలు ఖాళీ చేసిన బరిలో ఒక చదువుకున్న దళిత యువతి స్వతంత్రంగా నిలబడి, కౌలు రైతు గుర్తింపు కార్డు గురించీ, ఊరి శ్మశానం దారి గురించీ, సంక్షేమ వసతి గృహం గురించీ ఇంటింటికీ తిరిగి మాట్లాడితే డిపాజిట్ పోవచ్చు. మాట పోదు. గుంటూరు బాపనయ్య లాంటి దళిత వ్యవసాయ కార్మిక నాయకులు ఈ డెల్టాలో రాజకీయం మొదలుపెట్టింది గెలుపు ఖాయమని తెలిసి కాదు. అధినేత ఇంటి హాల్లో వారిని ఎవరూ ఎంపిక చేయలేదు. కూలీల పాకల్లోంచి, సంఘాల సభల్లోంచి వారు వచ్చారు.

శాసనసభల్లో ఎస్సీ, ఎస్టీ స్థానాల గడువు ప్రస్తుతానికి 2030 జనవరి 25 వరకు ఉంది. ఆ నాటికి దాన్ని పొడిగించాలా వద్దా అన్న చర్చ మళ్ళీ లేస్తుంది. రిజర్వుడు సభ్యులు ఏం చేశారని అడిగేవాళ్ళు అడుగుతారు. ఆ ప్రశ్నకు మనం సిద్ధపడవలసిన జవాబు ఇది: వారిని ఎవరు నిలిపారో, ఎవరు కట్టి ఉంచారో ముందు చెప్పండి. సీట్లు ఇచ్చి ఎంపికను మీ దగ్గర ఉంచుకుని, ఆపై ప్రతినిధిని నిలదీస్తే ఎలా?

మొవ్వ ఓటరు 2014 నుంచి 2019 వరకు తన మాట చెప్పే రోజు కోసం ఎదురుచూశాడు. అతను అడిగింది సానుభూతి కాదు, పథకం కాదు, ఒక పోలింగు తేదీ. కుర్చీ ఖాళీ అయినప్పుడు అది ముందుగా ఎవరి ఇంటికి వెళుతుందో చూస్తే ఆ ప్రజాస్వామ్యం ఎవరిదో తెలుస్తుంది. పార్టీ కార్యాలయానికి వెళ్ళక ముందు, పరామర్శ సభకు వెళ్ళక ముందు, అది ఊరి చివరి పేటకు రావాలి. రిజర్వుడు స్థానం అన్న మాటకు అర్థం అదే.